ఇన్‌స్టాల్ చేయడం తేలిక, తరలించడమే చరిత్ర

1978 ఫిబ్రవరిలో షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ తొలి డయలప్ కంప్యూటర్ బులెటిన్ బోర్డు సీబీబీఎస్‌ను ప్రారంభించారు. టెలిఫోన్ లైను మీద ఒకసారికి ఒక్కరే అందులోకి వెళ్ళగలిగేవారు. వెబ్ వచ్చాక, 2000లో జేమ్స్ అట్కిన్సన్ పీహెచ్‌పీబీబీ అనే బోర్డు సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. దాన్ని నడపడానికి వాడే లినక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ అన్నీ ఉచితమే కనుక ఎవరైనా బోర్డు పెట్టుకోగలిగారు. చరిత్రలు ఈ ఆరంభాలనే కీర్తిస్తాయి. నిజానికి బోర్డుల ఆయుష్షు తేల్చింది ఇన్‌స్టాల్ చేయడం కాదు, పాత రాతలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తరలించడం.

అక్షరాల సంగతే చూడండి. పీహెచ్‌పీబీబీ రెండో తరంలో ఒక్కో భాషా ప్యాక్‌కు ఒక్కో ఎన్‌కోడింగ్ (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) ఉండేది. 2007 డిసెంబరులో వచ్చిన 3.0 అన్నిటినీ యూటీఎఫ్-8 కిందికి తెచ్చింది. తెలుగు రాతకు, వెతుకులాటకు అది మేలే. కానీ పాత డేటా ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో పొరపాటుగా చెప్పి మార్చితే, ఏళ్ళ నాటి రాతలు పిచ్చి గుర్తులయ్యేవి. డేటాబేస్ బ్యాకప్ తీసి, నకలు మీద ముందుగా పరీక్షించిన నిర్వాహకుడే వాటిని కాపాడగలిగాడు.

వెబ్ ఆర్కైవ్‌లు పేజీలను దాస్తున్నాయి కదా, ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. అవి దాచేది బయటికి కనిపించిన పేజీలనే. లాగిన్ వెనుక ఉన్న చర్చలు, ప్రైవేటు సందేశాలు వాటికి అందవు. దాచిన పేజీ కింద జవాబు రాయడమూ కుదరదు. అందుకే కొత్త సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు, అందులోంచి బయటికి రావడానికి దారి ఉందో లేదో ముందే చూసుకోవాలి.