రెండో రైఫిల్

2014 జులై 28. స్కాట్లాండ్ తూర్పు తీరం, కార్నూస్టీ పక్కన బారీ బడన్. సైన్యం వాళ్ల ఫైరింగ్ రేంజి. కామన్వెల్త్ క్రీడలు గ్లాస్గోలో జరుగుతుంటే, షూటర్లని మాత్రం ఇంత దూరం సముద్రం ఒడ్డుకి తెచ్చి పడేశారు.

గగన్ నారంగ్ చాప మీద బోర్లా పడుకున్నాడు. ఎడమ మోచెయ్యి నేలకి దిగింది. పట్టీ జబ్బని బిగించి పట్టింది. చెంప రైఫిల్‌కి ఆనింది. 50 మీటర్ల అవతల పది పాయింట్ల వలయం. దాని వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత. కన్ను సిద్ధం. వేలు సిద్ధం. మరి గాలి?

నిజానికి అతను పేరు తెచ్చుకున్న పోటీ ఈ 50 మీటర్ల ప్రోన్ (పడుకుని కొట్టేది) కాదు. అతనిది పది మీటర్ల ఎయిర్ రైఫిల్. మూడు రోజుల కిందటే ఇక్కడ ఆ పోటీ ముగిసింది. భారత్ తరఫున దిగింది అభినవ్ బింద్రా, రవి కుమార్. బింద్రా స్వర్ణం పట్టుకుపోయాడు. ఆ లైన్లో గగన్ లేడు.

బేగంపేటలో పెరిగిన కుర్రాడు. 1997లో తండ్రి ఎయిర్ పిస్టల్ కొనిచ్చాడు. పెరట్లోనే సాధన. ఆ తర్వాత రైఫిల్. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 600కి 595 కొట్టాడు. ఎనిమిదో స్థానంలో ఉన్నవాడితో స్కోరు సమానం, అయినా సమాన స్కోర్లని తేల్చే కౌంట్‌బ్యాక్‌లో తొమ్మిదోవాడై ఫైనల్ బయటే ఉండిపోయాడు. అదే రోజు, అదే పోటీలో బింద్రా మెళ్లో స్వర్ణం. నాలుగేళ్లు పళ్లబిగువున లాగాడు. 2012 జులై 30, లండన్. ఫైనల్లో ఏడో గుండు 9.9. ఎనిమిదోది 9.5. చైనావాడు వాంగ్ తావ్ వెంటపడుతున్నాడు. తొమ్మిదోది 10.3. చివరి గుండు ఒక్కటే మిగిలింది. పేల్చాడు. 10.7! క్వాలిఫయింగ్ స్కోరుతో కలిపి మొత్తం 701.1, కాంస్యం.

కానీ అదంతా పది మీటర్ల లోకం. నాలుగు గోడలు, పైన కప్పు. నిలబడి కొట్టాలి, శత్రువు ఎవరయ్యా అంటే సొంత గుండె చప్పుడు. 50 మీటర్లు కూడా కొత్తేం కాదు, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో అతను గెల్చిన నాలుగు స్వర్ణాల్లో రెండు త్రీ పొజిషన్‌లో, అంటే మూడు భంగిమల పోటీలో వచ్చినవే. అయినా ఒక్క ప్రోన్‌నే నమ్ముకుని బతికేవాళ్ల మధ్యకి వెళ్లి పడుకోవడం వేరే సంగతి.

చూసేవాళ్లకి ప్రోన్ హాయిగా కనిపిస్తుంది. పడుకుని కొట్టడమే కదా! కొట్టి చూస్తే తెలుస్తుంది. రెండున్నర గ్రాముల సీసం గుండు గొట్టం దాటి లక్ష్యం చేరేలోపు పట్టే సెకనులో ఆరో వంతులోనే గాలి దాన్ని పక్కకి నెట్టేస్తుంది కాబట్టి, ఎయిర్ రైఫిల్లో ఏళ్ల తరబడి ఒంటిని రాయిలా నిలపడం నేర్చుకున్నవాడు కూడా ఇక్కడికొచ్చి గాలి జెండాల వంక చూస్తూ, సైట్ మీద రెండు క్లిక్కులు తిప్పాలా, గురి కాస్త జరపాలా, లేక ఊపిరి బిగబట్టి ఆగాలా అని ప్రతి గుండుకీ తేల్చుకోవాల్సిందే. ఎంతసేపు ఆగగలడు? అప్పటి ఫైనల్లో విడిగా కొట్టే ఒక్కో గుండుకి 30 సెకన్లు.

ఫైనల్ మొదలైంది. క్వాలిఫయింగ్ మార్కులు చెల్లవు, అందరూ సున్నా నుంచే. ఎనిమిది గుండ్లకి ఒకడు ఇంటికి. ఆ తర్వాత రెండేసి గుండ్లకి ఒకడు. లైను పలచబడుతోంది. గగన్ ఇంకా చాప మీదే ఉన్నాడు.

పద్దెనిమిది గుండ్లయ్యాయి. ఇంగ్లండ్ షూటర్ కెన్నెత్ పార్ లేచాడు. స్కోరు 182.1, కాంస్యం. గుండుకి సగటున 10.1 పైచిలుకు. ఒక్కో గుండు 10.9 దాకా ఇవ్వగల ఆటలో, మూడో స్థానానికి అది చాలింది. ఆ రోజు గాలి ఎలా ఉందో వేరే చెప్పాలా!

మిగిలింది ఇద్దరు. ఇటు గగన్, 31 ఏళ్లు. అటు ఆస్ట్రేలియా వారెన్ పోటెంట్, 52 ఏళ్లు. బీజింగ్‌లో ఇదే ప్రోన్‌లో ఒలింపిక్ కాంస్యం కొట్టినవాడు. ఇంకా రెండే గుండ్లు.

ఒకటి పేలింది. రెండోది పేలింది. తలలు తెర వైపు తిరిగాయి.

పోటెంట్ 204.3. గగన్ 203.6. తేడా 0.7. ఇరవై గుండ్లలో ఎక్కడో ఒక్కసారి గాలి లెక్క తప్పితే చాలు, అంత తేడా వచ్చేస్తుంది. గగన్‌కి రజతం.

మర్నాడే త్రీ పొజిషన్. మోకాలి మీద, పడుకుని, నిలబడి. కాంస్యం. ఎయిర్ రైఫిల్ ఊసే లేకుండా రెండు పతకాలు.

2015 మే, అమెరికాలోని ఫోర్ట్ బెన్నింగ్. ప్రపంచ కప్ ప్రోన్‌లో కాంస్యం, దాంతోపాటే రియో ఒలింపిక్ కోటా. లండన్లో పతకమిచ్చిన ఎయిర్ రైఫిల్ కాదు, 50 మీటర్ల ఈ రెండో రైఫిలే దారి తెరిచింది. రియోలో మూడు రైఫిల్ పోటీల్లోనూ దిగాడు. ప్రోన్‌లో 13వ స్థానం.

ఆ తర్వాత పురుషుల ప్రోన్‌ని ఒలింపిక్స్ నుంచే ఎత్తేశారు. 50 మీటర్లలో త్రీ పొజిషన్ ఒక్కటే మిగిలింది. 2024 ఆగస్టు 1న పారిస్ క్రీడల్లో అందులోనే స్వప్నిల్ కుసాలే 451.4తో కాంస్యం గెలిచాడు. అప్పటి భారత బృందానికి చెఫ్ డి మిషన్, అంటే బృంద సారథి, గగన్ నారంగ్.