మనం తవ్వని చెరువు



సెలవులు వస్తే చాలు, మన యవ్వనస్థులు, సండే స్కూల్ పిల్లలు అడిగే మాట ఒకటే: "అయ్యగారూ, వండర్‌లాకి పోదామా?" 2016లో రావిర్యాలలో ఆ పార్కు తెరిచారు. ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర దిగితే ఆ ఊరే. టికెట్ కొనుక్కుని నీళ్లలో జారవచ్చు, కేరింతలు కొట్టవచ్చు. అందులో తప్పేమీ లేదు, పిల్లలు సంతోషించాల్సిందే. అయితే ఆ గోడల బయట కూడా నీళ్లున్నాయి. వాటికి టికెట్ లేదు, బోర్డు లేదు. ఆ నీళ్ల సంగతే ఈ వారం ధ్యానిద్దాం.

రావిర్యాలకు ఒక చెరువుంది. ఆ చుట్టుపక్కల ఏ పాత ఊరికి పోయినా ఒక చెరువో కుంటో ఉంటుంది. ఏడాది పొడవునా పారే నది లేని నేల మనది. మూడు నెలలు పడే వానను పన్నెండు నెలలు దాచుకుంటే తప్ప అన్నం లేదు. అందుకే పెద్దలు వాలు చూసి కట్ట పోశారు, పొలానికి నీళ్లు వదలడానికి తూము పెట్టారు, ఎక్కువైన నీళ్లు పోవడానికి మత్తడి కట్టారు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. పై ఊరివాళ్లు తమ చెరువును పాడుచేసుకుంటే కింది ఊరు కూడా ఎండుతుంది.

రావిర్యాల నుంచి తూర్పుగా పోతే ఇబ్రహీంపట్నం వస్తుంది. అక్కడి పెద్ద చెరువు కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కోసం కళ్లు చిట్లించి చూడాలి. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువు అది. ఊరి పేరు కూడా ఆయనదే. 1550 నుంచి 1580 వరకు ఆయన పాలించాడు. హుస్సేన్ సాగర్, మూసీ మీది పురానాపూల్ కూడా ఆయన కాలంలో కట్టినవే.

ఆయన జీవితం చదివితే మన దావీదు గుర్తుకొస్తాడు. 1543లో ఇబ్రహీం తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు. సింహాసనం అన్న జంషీద్ చేతికి పోయింది. ప్రాణభయంతో ఇబ్రహీం పారిపోయి చివరికి విజయనగరం చేరాడు. సౌలుకు భయపడిన దావీదు గాతు రాజైన ఆకీషు దగ్గర తలదాచుకోలేదా? అలాగే అళియ రామరాయలు ఇబ్రహీంకు ఏడేళ్లు ఆశ్రయమిచ్చాడు. ఆయనకు తెలుగు మీద ప్రేమ కలిగింది. రాజయ్యాక తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కవులు ఆయన్ని మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు.

కథ ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది! 1565లో దక్కను సుల్తానులు ఏకమై విజయనగరం మీదికి పోయారు. తళ్లికోట యుద్ధమని బడిలో చదువుకున్నాం. ఆ సుల్తానుల్లో ఇబ్రహీం కూడా ఉన్నాడు. తనకు అన్నం పెట్టిన రామరాయలు ఆ యుద్ధంలోనే తల పోగొట్టుకున్నాడు. హంపీ పాడుబడింది. 1687లో ఔరంగజేబు చేతిలో గోల్కొండ కూడా పడిపోయింది. గెలిచిన కోట, ఓడిన పట్నం రెండూ ఇవాళ మనం సెలవు రోజున చూసి వచ్చే శిథిలాలే.

చెరువు మాత్రం నిలిచింది. మేలు మరచి కత్తి పట్టిన మనిషి కాలంలోనే ఆ కట్ట లేచింది. వానలు బాగా పడిన ఏడు దాని నీళ్లు ఇప్పటికీ ఎవరి మతమూ కులమూ అడగకుండా మడిలోకి పారతాయి. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వాన కురిపించే తండ్రిని గురించి ప్రభువు కొండమీద చెప్పిన మాట ఆ కట్ట మీద నిలబడితే బాగా అర్థమవుతుంది.

ఇంకో ప్రశ్న. ఆ కట్టకు మన్ను మోసిందెవరు? రాజుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. గడ్డపార పట్టిన వడ్డెరల పేర్లు, తట్ట నెత్తిన పెట్టుకుని గుట్టలా పోసిన తల్లుల పేర్లు ఎక్కడా లేవు. రాత్రీ పగలూ కట్ట కాచి, తూము తీసి, మడిమడికీ నీళ్లు పారించిన నీరటివాళ్ల పేర్లూ లేవు. మన పల్లె సంఘాల్లో ఎన్నో కుటుంబాల పెద్దలు ఈ పనులు చేసినవాళ్లే, అదీ చాలాసార్లు వెట్టికి. ఊరికంతా నీళ్లు పారించిన ఆ చేతులకు ఊరి మంచినీళ్ల బావిలో చేద వేసే హక్కు మాత్రం ఉండేది కాదు. ఎవరైనా పోస్తే దోసిలి పట్టి తాగాలి.

అందుకే యోహాను సువార్త 4వ అధ్యాయం మనకు ఊరికే కథ కాదు. యాకోబు బావి దగ్గర అలసిపోయి కూర్చున్న ప్రభువు, అంటరానిదని యూదులు దూరం పెట్టిన సమరయ స్త్రీని తాగడానికి నీళ్లిమ్మని అడిగాడు. ఆమె కుండ నీళ్లు తాగడానికి వెనుకాడలేదు. మన తాతలు ఆ మాట మొదటిసారి విన్నప్పుడు వాళ్ల గుండె ఎలా కొట్టుకుందో ఒక్కసారి ఊహించండి.

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో మోషే ప్రజలను హెచ్చరించాడు. తాము తవ్వని బావుల నీళ్లు తాగి, తాము నాటని తోటల పండ్లు తిని, కడుపు నిండాక దేవుణ్ణి మరచిపోవద్దన్నాడు. కరువులో కంటే కడుపు నిండినప్పుడే మరపు వస్తుందని ఆయనకు తెలుసు. ఇవాళ రావిర్యాల చుట్టూ రింగ్ రోడ్డు ఉంది, ఫ్యాబ్ సిటీ ఉంది, పక్కనే కొంగరకలాన్‌లో కలెక్టరేటు ఉంది. ఎకరం ధర వింటే కళ్లు తిరుగుతాయి. ఇలాంటి చోటే చెరువు శిఖం భూమి ప్లాటుగా కనబడుతుంది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని ప్రభుత్వం పూనుకుంది. ఒకవైపు పూడిక తీస్తుంటే ఇంకోవైపు మన్ను పోసి పూడ్చేవాళ్లూ ఉన్నారు. ఆదికాండము 26వ అధ్యాయంలో ఫిలిష్తీయులు చేసింది ఇదే. అబ్రాహాము తవ్వించిన బావుల్లో మన్ను పోశారు. ఇస్సాకు ఏం చేశాడు? వాటిని మళ్లీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే తిరిగి పెట్టాడు.

ప్రియులారా, ఈసారి పిల్లల్ని తీసుకుని రావిర్యాల వెళ్తే ఒక పూట ఆటలకు, ఒక పూట చరిత్రకు ఇవ్వండి. ఇబ్రహీంపట్నం కట్ట ఎక్కించి తూము, మత్తడి చూపించండి. దారి కలిస్తే మహేశ్వరం కోనేరును, హయత్‌నగర్‌లో కుతుబ్ షాహీల కాలం నాటి పెద్ద బావిని కూడా చూడండి. మీ తాత నీరటి పని చేసి ఉంటే ఆ సంగతి సిగ్గుపడకుండా చెప్పండి. చవకగా వస్తుందని శిఖంలో ప్లాటు మాత్రం కొనకండి. అది కింది ఊరి పిల్లల నోటి కాడి నీళ్లు.

పరలోకమందున్న తండ్రీ, మేము తవ్వని నీళ్లు తాగి బతికాం. పేరు లేకుండా మట్టి మోసినవారి పేర్లు నీకు తెలుసు. వారి కష్టాన్ని మేము పూడ్చకుండా, మా తర్వాతివారికి అందించే మనసు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.