ఆడినవాళ్లకు ఓటు లేని ఆట

33 ఓట్లు ఒక పక్క, ఒక్క ఓటు ఒక పక్క. 2022 సెప్టెంబరు 2న అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్ష పదవికి జరిగిన ఎన్నికలో తేలిన లెక్క ఇది. కల్యాణ్ చౌబే గెలిచారు. ఆ ఒక్క ఓటూ బైచుంగ్ భూటియాది. 1995 నుంచి 2011 దాకా దేశం కోసం ఆడి, ఏళ్ల తరబడి కెప్టెన్సీ చేసిన మనిషి ఆయన.

మన తెలుగువాళ్లకు ఆ ఓటమిలో వాటా ఉంది. భూటియా పేరును ప్రతిపాదించింది ఆంధ్ర ఫుట్‌బాల్ సంఘమే. బలపరిచింది రాజస్థాన్. ప్రతిపాదించిన సంఘం ఒకటి, బలపరిచిన సంఘం ఒకటి, పెట్టె తెరిచి చూస్తే ఓటు మాత్రం ఒకటి. కోశాధికారి పదవికి ఆంధ్ర నుంచి నిలబడిన కొసరాజు గోపాలకృష్ణకూ ఒక్కటే దక్కింది. రహస్య బ్యాలెట్ కనుక ఎవరు మాట తప్పారో మనం అనకూడదు. అయినా ఆ సాయంత్రం వార్త చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఓడిన అభ్యర్థి గురించి కాదు. ఈ ఆటను పెంచిన నేల మనది. ఆ ఆట ఇంటి పెద్దల్ని ఎన్నుకునేచోట మన మాట విలువ ఎంతో ఆ రోజు తెలిసిపోయింది.

ఒకప్పుడు సంగతి వేరు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. 1943లో అక్కడి ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, 1963లో కన్నుమూసేదాకా ఆ బాధ్యత మోశాడు. సంఘం కాగితాలు రాసిన చేతులే మైదానంలో పిల్లలకు పాఠం చెప్పాయి. వాటం లేని కాలితోనే తన్నాలని ఒక పోటీ పెట్టేవాడు, డ్రిబ్లింగ్ చేయకూడదని మరొకటి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకూ వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకంగా అరుస్తుండగా, దక్షిణ కొరియాపై 2-1తో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. అప్పటికే రహీం ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ పెరుగుతోంది. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఆయన పోయాడు.

ఆటగాళ్లు ఆయనతోనే అయిపోలేదు. 1966లో సంతోష్ ట్రోఫీ మన రాష్ట్రానికి వచ్చింది. హబీబ్, అక్బర్, నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ రహీం తర్వాతివాళ్లే. అయితే వాళ్లలో చాలామంది పేరు తెచ్చుకుంది కలకత్తాలో. ఇక్కడి సంఘం పగ్గాలు మాత్రం రహీంలాంటి మనిషి చేతికి మళ్లీ రాలేదు. ఈ గాథలో అసలు పతనం అదేనని నా నమ్మకం. జట్టు ఓడితే వచ్చే ఏడు గెలవచ్చు. ఆట తెలిసినవాడు కార్యదర్శి కుర్చీలోంచి లేచాక ఆ కుర్చీ ఎన్నికల లెక్కలకు అలవాటు పడిపోయింది.

మా అనకాపల్లి నుంచి చూస్తే ఈ అమరిక ఇంకా బాగా అర్థమవుతుంది. 2022 ఏప్రిల్ 4న మాది జిల్లా అయింది. ఫుట్‌బాల్ పాలనలో జిల్లా కింది మెట్టు, దానిపైన రాష్ట్ర సంఘం, ఆ పైన ఢిల్లీలో సమాఖ్య. ఓటు మెట్టు మెట్టుకూ చేతులు మారుతూ పైకి పోతుంది. మైదానంలో బూట్లు అరగదీసిన కుర్రాడికి గానీ, అమ్మాయికి గానీ ఆ దారిలో ఎక్కడా చోటు ఉండేది కాదు. బెల్లం వండిన రైతు లేకుండా మార్కెట్లో ధర ఖాయం చేస్తే మా ఊరు ఊరుకుంటుందా? ఫుట్‌బాల్‌లో ఎన్నో ఏళ్లుగా జరిగింది అదే.

ఆ అమరికను మార్చాలన్న ప్రయత్నం 2022లోనే ఎగసి, అప్పుడే పడింది. సమాఖ్య అధ్యక్షుడిగా ప్రఫుల్ పటేల్ మూడో పదవీకాలం 2020 డిసెంబరుకే ముగిసినా, కోర్టులో కేసు ఉందని చెప్పి ఎన్నికలు పెట్టలేదు. 2022 మే 18న సుప్రీంకోర్టు ఆయన్ని పక్కన పెట్టి ముగ్గురు సభ్యుల పాలక కమిటీని వేసింది. జస్టిస్ ఏ.ఆర్. దవే, ఎస్.వై. ఖురేషీ, పాత గోల్‌కీపర్ భాస్కర్ గంగూలీ. రాష్ట్ర సంఘాల ప్రతినిధులతో పాటు 36 మంది పూర్వ క్రీడాకారులూ ఓటు వేయాలని, వారిలో 24 మంది పురుషులు, 12 మంది స్త్రీలు ఉండాలని అప్పుడు నిర్ణయమైంది. ఈ దేశపు ఫుట్‌బాల్‌లో పన్నెండుమంది ఆడవాళ్లు ఓటరు జాబితాలోకి ఎక్కబోయిన ఆ కొద్ది రోజులనూ నేను పండగలాగే తలుచుకుంటాను.

ఫిఫా ఒప్పుకోలేదు. ఆగస్టు నడిమధ్యలో, మనం స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకుంటున్న వేళ, బయటివారి జోక్యం మితిమీరిందంటూ భారత సమాఖ్యను సస్పెండ్ చేసింది. అక్టోబరులో మన దేశంలో జరగాల్సిన అండర్-17 బాలికల ప్రపంచకప్ ప్రమాదంలో పడింది. ఆసియా క్లబ్ పోటీ కోసం గోకులం కేరళ మహిళల జట్టు అప్పటికే తాష్కెంట్ చేరుకుంది. వాళ్లను ఆడనివ్వలేదు. ఎవరి కుర్చీ కోసమో పెద్దలు తగువులాడుకుంటే, పరాయి దేశంలో కిట్ బ్యాగులు సర్దుకుని వెనక్కి రావాల్సివచ్చింది ఆ అమ్మాయిలు. ఆగస్టు 22న కోర్టు కమిటీని రద్దు చేసింది. ఓటర్ల జాబితాలోంచి ఆటగాళ్లు వెళ్లిపోయారు. 26న సస్పెన్షన్ ఎత్తేశారు. వారం తిరగగానే 33-1.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. చౌబే కూడా గోల్‌కీపర్‌గా పెద్ద క్లబ్బులకు ఆడినవాడే. సమాఖ్య చరిత్రలో ఒక పూర్వ క్రీడాకారుడు అధ్యక్షుడవడం అదే మొదలు. కార్యవర్గంలోకి మన షబ్బీర్ అలీతో సహా ఆరుగురు ఆటగాళ్లను తీసుకున్నారు, వారిలో ఇద్దరు స్త్రీలు. కానీ కూర్చోబెట్టడం వేరు, ఎన్నుకునే హక్కు ఇవ్వడం వేరు.

ఆ హక్కును మళ్లీ రాసిపెట్టే పని 2023లో ఒక తెలుగు న్యాయమూర్తికి వచ్చింది. సుప్రీంకోర్టు నుంచి రిటైరైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుకు సమాఖ్య నియమావళిని సిద్ధం చేసే బాధ్యత అప్పగించారు. దాన్ని 2025 సెప్టెంబరు 19న కొన్ని మార్పులతో ఆమోదించిన ధర్మాసనంలోనూ హైదరాబాద్‌కు చెందిన జస్టిస్ పి.ఎస్. నరసింహ ఉన్నారు. సర్వసభ్య సభలో పదిహేనుమంది పూర్వ క్రీడాకారులు, వారిలో కనీసం అయిదుగురు స్త్రీలు. ఇద్దరు ఉపాధ్యక్షుల్లో ఒకరు స్త్రీ. పద్నాలుగుమంది కార్యవర్గంలో అయిదుగురు ఆటగాళ్లు. పదవిలో మొత్తం పన్నెండేళ్లకు మించి ఎవరూ ఉండకూడదు. 36 పదిహేను అయింది, పన్నెండు అయిదు అయింది. అయినా తలుపు తెరుచుకుంది.

తెరుచుకునేసరికి ఇంట్లో మిగిలిందేమిటి? 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోగా, 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. 2025 అక్టోబరులో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. అదే నెల 12న సమాఖ్య కొత్త నియమావళిని స్వీకరించింది. 14న మడగావ్‌లో భారత జట్టు సింగపూర్ చేతిలో 2-1తో ఓడి, 2027 ఆసియా కప్ ఆశ వదులుకుంది. ఆ ఏడాది మనకు దక్కిన సంతోషం ఆడపిల్లల నుంచే. జులైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి మహిళల జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించింది. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఆ ఏడాది సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి.

ఓటు అడగడానికి అందరికన్నా అర్హత ఉన్నవాళ్లు మాత్రం వరుసగా వెళ్లిపోయారు. మెల్‌బోర్న్‌లో ఆడిన జుల్ఫికరుద్దీన్ 2019లో. అహ్మద్ హుస్సేన్ 2021లో. రహీం కొడుకు హకీం అదే ఏడాది ఆగస్టులో. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్లి బెంగాల్‌లో స్థిరపడ్డ తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో. హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో. కోర్టు పదిహేను ఓట్లు మంజూరు చేసేనాటికి, జకార్తా ఫైనల్ ఆడిన మనవాళ్లు తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం ముగ్గురూ లేరు.