కౌలేయకం: శునకవిధేయతా పరీక్షల పుట్టుపూర్వోత్తరాలు



ముప్ఫై అయిదేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పుకొని బతికిన తెలుగు పండితుడికి కుక్కల పోటీలతో పనేమిటని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట గడిపిన ఒక వేసవిలో, శనివారం తెల్లవారగానే ఆమె నన్ను కారెక్కించి ఒక మైదానానికి తీసుకొనిపోయింది. అక్కడ చూసిన ఒక చిన్న సంఘటన నన్ను ఇంటికి వచ్చిన తర్వాత కూడా వదలలేదు. దాని మూలం వెదుకుతూ చదివినదంతా ఈ టపాలో పెడుతున్నాను.

మైదానంలో ఒక వలయం కట్టి, దాని లోపల దూకడానికి అడ్డకర్రలు, దూరిపోవడానికి గుడ్డ సొరంగాలు, ఇంటికప్పులా చేర్చి నిలబెట్టిన రెండు వాలుపలకలు, ఊగుడుబల్ల, వరుసగా నిలిపిన పన్నెండు కర్రలు అమర్చారు. కుక్కలు ఇంకా రాలేదు. మనుషులు మాత్రం ఒంటరిగా అందులో తిరుగుతూ, ఖాళీ గాలికి చేయి చూపుతూ, నాలుగడుగులు పరుగెత్తి చటుక్కున మళ్ళుతూ కనిపించారు. వీళ్ళకు మతి చలించిందేమోననుకున్నాను. మా అమ్మాయి నవ్వి చెప్పింది: ఈ అమరిక ఏ పోటీకి ఆ పోటీకి మారుతుంది. యజమాని ముందుగా నడిచి దారిని కంఠస్థం చేసుకుంటాడు. కుక్క మాత్రం పరుగు మొదలైన క్షణం నుండే దాన్ని చూస్తుంది. ఎటు పోవాలో దానికి యజమాని ఒంటి కదలికే తెలపాలి. కుక్కను తాకకూడదు, మెడకు తాడు ఉండకూడదు, చేతిలో తిండి ఉండకూడదు.

నా ఈడు ఆమె ఒకరు చిన్న కుక్కతో వచ్చారు. సగం దారి అద్భుతంగా నడిచింది. వాలుపలక ఎక్కవలసిన చోట ఆ కుక్క పక్కనున్న సొరంగంలోకి దూరిపోయింది. పోటీ అక్కడితో సరి. ఆమె బయటికి వచ్చి కుక్కను ముద్దు చేసి, డబ్బాలోంచి మాంసపు ముక్కలు తీసి పెట్టారు. ఓడిపోయిన కుక్కకు బహుమానమేమిటని మా అమ్మాయి చేత అడిగించాను. అది తప్పు చేయలేదనీ, ఆ క్షణంలో తన భుజం సొరంగం వైపు తిరిగిందనీ, అది తాను చెప్పిన చోటికే పోయిందనీ ఆమె మామూలుగా, వాతావరణం గురించి మాట్లాడినట్లు, జవాబిచ్చారు.

ఇక్కడ పండితుణ్ణి కాబట్టి ఒక పక్కదారి పట్టక తప్పదు. సంస్కృతంలో కుక్కకు సారమేయం, శునకం, భషకం వంటి పేర్లు చాలా ఉన్నా నాకు ఇష్టమైనది కౌలేయకం. కులమంటే ఇక్కడ ఇల్లు, వంశం. ఇంటికి చెందినది కౌలేయకం. ఈ ఒక్క మాట సాధించడానికి పాణిని ప్రత్యేకంగా సూత్రం చేశాడు. అదే సూత్రంలో కత్తికి కౌక్షేయకం, కంఠాభరణానికి గ్రైవేయకం కూడా సిద్ధిస్తాయి. కుక్క, కత్తి, నగ: మనిషి తనవనుకొని దగ్గర పెట్టుకునేవే మూడూ. మొదటిదానికి మాత్రమే తనకంటూ ఒక మనస్సుంది. మన శతకాలూ సామెతలూ దానిని మార్చలేని స్వభావానికి దృష్టాంతంగా వాడుకున్నాయి గాని, దానికి చదువు చెప్పవచ్చునన్న ఊహ వాటిలో నాకు ఎక్కడా ఎదురుపడలేదు.

ఆ ఊహను శాస్త్రంగా వ్రాసినవారిలో జర్మనీ పోలీసు అధికారి కొన్‌రాడ్ మోస్ట్ ముఖ్యుడు. 1906లో జార్‌బ్రూకెన్ నగరంలో పోలీసు కుక్కలకు శిక్షణ మొదలుపెట్టి, 1910లో ఒక గ్రంథం ప్రకటించాడు. కుక్క మనిషిలా ఆలోచించదనీ, ఏ పని వెంట ఏ ఫలితం వస్తుందో దానిని బట్టే నేర్చుకుంటుందనీ స్పష్టంగా చెప్పాడు. అంతటి సూక్ష్మదృష్టి గలవాడు ఆచరణకు వచ్చేసరికి మెడపట్టీనీ బెత్తాన్నీ విడిచిపెట్టలేదు. మెప్పునూ వాడాడు, బలవంతాన్నీ వాడాడు. ఆ రోజుల బడులూ అంతే గదా.

పోలీసు అవసరంగా మొదలైన ఈ విద్యను వినోదపు పోటీగా మార్చిన ఘనత హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే అమెరికా మహిళది. ఆమె పూడిల్ జాతి కుక్కలను పెంచేది. పూడిల్ మొదట నీళ్ళలో దూకి వేటపక్షుల్ని తెచ్చే కుక్క. ఈదడానికి వీలుగా దాని బొచ్చు కత్తిరించేవారు. ఆ కత్తిరింపు క్రమేణా అలంకారంగా మారేసరికి, చూసినవారు ఇది సోకులకు తప్ప దేనికీ కొరగాదని ఎగతాళి చేసేవారు. ఆమెకు రోషం వచ్చింది. ఇంగ్లండులో గొఱ్ఱెల కాపరి, పోలీసు, సైనిక శునకాల సంఘం నడిపే పరీక్షల గురించి తెలుసుకొని, 1933 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ కిస్కోలో, తమ తండ్రిగారి ఎస్టేటులో, జాతిభేదం లేకుండా అన్ని కుక్కలకూ ఒక పరీక్ష పెట్టింది. వచ్చినవి ఎనిమిది.

మరుసటి ఏడు బ్లాంచ్ సాండర్స్ అనే యువతి ఆమె దగ్గర పనికి చేరింది. ఇద్దరూ కలిసి పట్టుబట్టగా 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ పరీక్షలకు నియమావళి ఏర్పరచింది. 1937లో వాళ్ళు చేసిన పని నాకు మహా ముచ్చటగా తోచింది. 21 అడుగుల ట్రెయిలరు బండిని కారుకు తగిలించి, మూడు పూడిళ్ళను ఎక్కించుకొని, పది వారాలపాటు 10,000 మైళ్ళు తిరిగారు. దారి పొడుగునా కుక్కల ప్రదర్శనలు జరిగేచోటల్లా ఆగి, తమ కుక్కల చేత విద్య ప్రదర్శింపజేశారు. ఆర్థికమాంద్యపు రోజుల్లో ఇద్దరు ఆడవాళ్ళు ఊరూరా తిరిగి జనానికి నేర్పిన సంగతి ఏమిటంటే, నేర్చుకోవలసింది కుక్క కాదు, దాన్ని పట్టుకున్న మనిషి అని. తర్వాత 1946లో వచ్చిన బ్లాంచ్ పుస్తకం పేరులోనే ఆ మాట ఉంది: కుక్కకు నేర్పడం మీకు నేర్పుతానని.

పరీక్ష తీరు మా పబ్లిక్ పరీక్షల వంటిదే. 200 మార్కులతో మొదలుపెట్టి తప్పుకొక కోత. 170కి తగ్గితే, లేదా ఏ ఒక్క అంశంలో సగం దాటకపోతే, ఉత్తీర్ణత లేదు. పట్టానికి వేర్వేరు పరీక్షలలో మూడుసార్లు నెగ్గాలి. యజమాని ఎడమ కాలి పక్కనే నడవడం, పిలిస్తే నేరుగా రావడం, పరాయివాడు ఒళ్ళు తడిమినా కదలక నిలబడడం మొదటి తరగతి. పై తరగతిలో తోలువీ లోహానివీ అయిన ఒకే తీరు వస్తువుల కుప్పలోంచి యజమాని చేయి తగిలిన ఒక్కదాన్ని వాసన పట్టి తేవాలి. ఈ అంశం గురించి చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఎందుకంటే ఇక్కడ జవాబు మనిషికి తెలియదు. గుర్తు చూస్తే తప్ప ఆ వస్తువు ఏదో యజమానే చెప్పలేడు. పరీక్ష మొత్తం మీద గురువు శిష్యుణ్ణి నమ్మి ఊరుకోవలసిన ఘట్టం అదొక్కటే.

పోటీ పెరిగినకొద్దీ కాఠిన్యమూ పెరిగింది. లాగితే మెడకు బిగిసే గొలుసు ఈ విద్యకు చిహ్నమైపోయింది. డిస్నీ సినిమాల కుక్కలకు శిక్షణ ఇచ్చిన విలియం కోహ్లర్ 1962లో వ్రాసిన పుస్తకం ఆ మార్గానికి ప్రమాణగ్రంథం. చెప్పినమాట వినకపోతే ఫలితం బాధేనని కుక్కకు ఖాయంగా తెలియాలన్నది అతని సారాంశం. ఆ పద్ధతిలో వేలాది కుక్కలు చక్కగానే నేర్చుకున్నాయని ఒప్పుకోవాలి. బెత్తం కింద వ్యాకరణం నేర్చుకున్నవాళ్ళమూ మనలో లేకపోలేదు.

రెండో మార్గం చిత్రంగా నీళ్ళలోంచి వచ్చింది. మనస్తత్త్వశాస్త్రవేత్త స్కిన్నర్ దగ్గర చదువుకున్న కెల్లర్ బ్రెలండ్, మేరియన్ బ్రెలండ్ దంపతులు 1940లలోనే ఆ శాస్త్రాన్ని జంతువుల శిక్షణకు వాడడం మొదలుపెట్టారు. 1960లలో హవాయిలో డాల్ఫిన్లకు నేర్పిన కారెన్ ప్రయర్ ఆ విద్యను సామాన్యులకు అందేలా 1984లో పుస్తకంగా వ్రాసింది. డాల్ఫినుకు మెడపట్టీ వేయలేం. కోప్పడితే కొలను అవతలి ఒడ్డుకు ఈదిపోతుంది. కాబట్టి అది సరైన పని చేసిన క్షణంలోనే ఈల ఊది, ఆ వెంటనే చేప పెట్టడమొక్కటే గతి. అదే సూత్రం ఈలకు బదులు టిక్కుమనే చిన్న డబ్బీతో కుక్కల దాకా వచ్చింది. శిక్షించడానికి వీలులేని శిష్యుడు దొరికేదాకా గురువుకు శిక్షించకుండా నేర్పవలసిన అవసరం కలగలేదన్నమాట! ఈ వాక్యం వ్రాసి కాసేపు కలం (మీట అనాలేమో) ఆపాను.

ఇక నేను చూసిన పరుగుపందెం. దీనిని ఎజిలిటీ అంటారు. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ ప్రదర్శనలో రెండు ముఖ్యమైన అంశాల మధ్య ప్రేక్షకులకు విసుగు పుట్టకుండా ఏదైనా చేయాలని నిర్వాహకుడు జాన్ వార్లీ తలచాడు. గుఱ్ఱాల దూకుడు పోటీలు అతనికి స్ఫూర్తి. పీటర్ మీన్‌వెల్ అనే శిక్షకుణ్ణి ఆటంకాలు తయారు చేయమన్నాడు. రెండు జట్ల కుక్కలు పరుగెత్తాయి, జనం ఊగిపోయారు. 1980కల్లా బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ దానికి నియమాలు వ్రాసింది. అమెరికాలో 1986లో ఒక సంఘం వెలసింది, 1994లో అక్కడి కెన్నెల్ క్లబ్బూ చేపట్టింది. 1996 నుండి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. నాటకం మధ్యలో తెర సర్దేదాకా కేతిగాడు వచ్చినట్లు వచ్చినది, తానే నాటకమై కూర్చుంది.

ఈ ఆటలో కాలానిదే రాజ్యం. భయపడ్డ కుక్క నేల వాసన చూస్తూ తచ్చాడుతుంది తప్ప పరుగెత్తదు. అందుచేత గొలుసు ఇక్కడ పనికిరాలేదు. నియమాలు కూడా కుక్క పక్షం చూడడం నేర్చుకున్నాయి. వాలుపలకల చివర వేరే రంగు పూసి, కుక్క పాదం అక్కడ తప్పక పడాలన్నది పైనుంచి దూకి కాళ్ళు విరగ్గొట్టుకోకుండా ఉండడానికే. గుడ్డ కూలిపడి ఉండే ఒక రకం సొరంగంలో కుక్కలు చుట్టుకొని దెబ్బలు తింటున్నాయని 2016లో అమెరికాలో దాన్ని తీసివేశారు. పాత విధేయతా పరీక్షల్లోనూ, యజమానులంతా కనుమరుగైతే కుక్కలు వరుసగా కదలక కూర్చోవలసిన అంశాన్ని 2018లో తొలగించారు.

ఇప్పుడు నా సంగతి. చాలా ఏళ్ళ క్రితం, ఒక ఉన్నత పాఠశాలలో, ఎనిమిదో తరగతికి సంధులు చెబుతున్నాను. సవర్ణదీర్ఘసంధికి ఉదాహరణలు అడిగితే ఒక పిల్లవాడు పలక మీద మహోత్సవం అని వ్రాసి చూపించాడు. అది గుణసంధి. మూడు దెబ్బలు కొట్టాను. వాడు చేతులు వెనక్కి పెట్టుకొని కూర్చున్నాడు, ఒక్కమాట అనలేదు. ఆ వారాంతంలో తరగతి నోటుపుస్తకాలు దిద్దుతుంటే నలభై పుస్తకాల్లోనూ సవర్ణదీర్ఘం కింద నాలుగో ఉదాహరణ మహోత్సవమే. గంట కొట్టేలోపు ముగించాలన్న తొందరలో తర్వాతి పాఠపు మాట నల్లబల్ల మీద వ్రాసింది నేనే. సోమవారం మహోత్సవం కొట్టివేయించి విద్యాలయం వ్రాయించాను. పిల్లవాడితో మాత్రం ఏమీ అనలేదు. గురువు తప్పు ఒప్పుకుంటే తరగతి అదుపు తప్పుతుందని ఆనాటి నా నమ్మకం. "ఇట్లు మీ విధేయుడు" అని సెలవుచీటీలు వ్రాయడం నేర్పినవాణ్ణి, విధేయుడి వైపు నుంచి ఆ మాట ఎలా ఉంటుందో ఆలోచించలేదు. తన భుజం సొరంగం వైపు తిరిగిందని ఆ అమెరికా ఆమె అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ నల్లబల్ల.

పూడిల్ గౌరవం కోసం మొదలైన కథ ఎక్కడిదాకా వచ్చిందో కూడా చెప్పి ముగిస్తాను. 1877 నాటి నుండి జాతిశుద్ధికి పేరుమోసిన వెస్ట్‌మినిస్టర్ ప్రదర్శనలో 2014 నుండి ఎజిలిటీ పోటీ కూడా పెడుతున్నారు. 2024లో అందులో గెలిచింది నింబుల్ అనే సంకరజాతి కుక్క. ఆ పోటీ మొత్తానికి సంకరజాతి గెలవడం అదే మొదలు. అదే ఏడాది మన లక్నోలో జరిగిన అఖిల భారత పోలీసు డ్యూటీ మీట్‌లో విదేశీ జాతులన్నిటినీ వెనక్కి నెట్టి ఉత్తమ శునకంగా నిలిచింది సరిహద్దు భద్రతాదళానికి చెందిన రియా, మన పొరుగు కర్ణాటకపు ముధోల్ జాతిది.

మా వీధిలోనూ ఒక పసుపుపచ్చని ఊరకుక్క ఉంది. ఊరికి తిరిగివచ్చాక దానికి "కూర్చో" నేర్పుదామని పూనుకున్నాను. రోజూ బిస్కట్ల డబ్బా మూత తీసి, "కూర్చో" అని, కూర్చోగానే బిస్కట్టు పెట్టాను. పది రోజుల్లో వచ్చేసింది. మా ఆవిడకు చూపించాలని ఒకనాడు బిస్కట్టు ముందే తీసి జేబులో వేసుకొని వెళ్ళి, గంభీరంగా "కూర్చో" అన్నాను. అది నిలబడి తోక ఊపింది. మళ్ళీ అన్నాను, మళ్ళీ ఊపింది. అంతలో లోపల మా ఆవిడ పోపులపెట్టె మూత తీసిన చప్పుడైంది. టక్కున కూర్చుంది.