క్లాడియస్ సివిలిస్ కుట్ర (రెంబ్రాంట్ చిత్రం)

డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1661–62లో ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాల్ కోసం వేసిన తైలవర్ణ చిత్రం ఇది. రోమన్ల మీద తిరగబడేందుకు బటావియన్ పెద్దలు రాత్రి విందులో చేసిన ప్రమాణం దీని ఇతివృత్తం. ఆయన చిత్రాలన్నిటిలోకీ ఇదే పెద్దది. ఇప్పుడు స్టాక్‌హోమ్‌లోని నేషనల్ మ్యూజియంలో మిగిలింది మాత్రం ఒక ముక్కే.

కథ రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసినది. రైన్ నది సముద్రంలో కలిసేచోట ఉండే బటావియన్లు రోమ్ సైన్యానికి మనుషులను పంపేవారు. క్రీ.శ. 69లో రోమన్ అధికారులు సైన్యం పేరు చెప్పి ముసలివాళ్లనూ రోగులనూ పట్టుకుపోయి, సొమ్ము ముట్టాకే వదలడం మొదలుపెట్టారు. రోమ్ సైన్యంలోనే పనిచేసిన సివిలిస్ తనవాళ్లను పవిత్రవనంలో విందుకు పిలిచి, తిరుగుబాటుకు ఒట్టు వేయించాడు. ఆయనకు ఒక కన్ను లేదు.

స్పెయిన్‌తో ఎనభై ఏళ్లు పోరాడి 1648లో గెలిచిన డచ్చివాళ్లు ఈ బటావియన్లను తమ పూర్వీకులుగా చెప్పుకునేవారు. అందుకే 1655లో ప్రారంభమైన కొత్త టౌన్‌హాల్ గోడలకు ఈ కథను ఎంచుకున్నారు. పని మొదట దక్కింది రెంబ్రాంట్ ఒకప్పటి శిష్యుడు గోవర్ట్ ఫ్లింక్‌కు. 1660లో ఆయన చనిపోవడంతో చిత్రాలను పలువురికి పంచారు. 1656లో దివాలా తీసిన గురువుకు ఆ విధంగా ఒకటి దక్కింది.

అంతకుముందు ఈ ఘట్టాన్ని వేసిన ఓటో వాన్ వీన్, నమూనా గీసిన ఫ్లింక్ ఇద్దరూ సివిలిస్‌ను పక్కనుంచి చూపి గుడ్డికన్ను కనబడకుండా జాగ్రత్తపడ్డారు. ప్రమాణాన్ని చేతులు కలపడంగా చూపారు. రెంబ్రాంట్ ఆ మర్యాద పాటించలేదు. ఎత్తయిన కిరీటంలాంటి తలపాగాతో సివిలిస్ సూటిగా మనవైపే కూర్చుంటాడు. పోయిన కంటి చోటు దాపరికం లేకుండా కనిపిస్తుంది. ఆయన చాచిన వెడల్పాటి కత్తికి మిగతావారి కత్తులు వచ్చి తాకుతాయి. కత్తుల మీద ఒట్టు టాసిటస్‌లో లేదు, అది చిత్రకారుడి కల్పన. దీపం ముందు కూర్చున్నవారి వెనక దాగి ఉంటుంది. దాంతో వెలుగంతా బల్లమీది గుడ్డలోంచే పైకి లేచి మొహాలను కిందినుంచి కాల్చుతున్నట్టుంటుంది. రంగును మందంగా, మొరటుగా పూశారు. దగ్గరికెళ్తే మరకల్లా తోచేవి దూరంనుంచి గడ్డాలూ నగలూ అవుతాయి. ఎంతో ఎత్తున వేలాడదీసే చిత్రానికి అదే తగిన పద్ధతి. ఇక్కడున్నది కొలువుతీరిన పూర్వీకులు కాదు, తాగి తెగించిన మనుషులు. నా అంచనాలో, చట్టవిరుద్ధమైన కుట్రకు ఇంతకంటే నిజాయితీ ఉన్న రూపం ఆ కాలపు చిత్రకళలో అరుదు.

1662లో గోడకెక్కిన చిత్రం ఎన్నో నెలలు గడవకముందే దిగింది. కారణం చెప్పే పత్రమేదీ దొరకలేదు. పెద్దలకు నచ్చలేదన్నదే ఎక్కువమంది ఊహ. ఎటూ ఐదున్నర మీటర్లున్న కాన్వాసును కొనేవారు దొరకడం కష్టం. కోసేయగా 309 సెంటీమీటర్ల వెడల్పు, 196 సెంటీమీటర్ల ఎత్తు మిగిలింది. అంటే దాదాపు ఐదో వంతు. పద్దెనిమిదో శతాబ్దంలో స్వీడన్ చేరి, 1766లో అక్కడి రాయల్ అకాడమీకి కానుకగా అందింది. పోయిన భాగమేమిటో మ్యూనిక్‌లోని ఒక చిన్న రేఖాచిత్రం చెబుతుంది. 1661 అక్టోబరు నాటి అంత్యక్రియల ఆహ్వానపత్రం వెనక గీసిన అందులో పెద్ద కమానులు, మెట్లు, వాటి నడుమ చిన్నగా ఈ బల్ల ఉంటాయి.

ఖాళీ అయిన గోడకు యుర్గెన్ ఓవెన్స్ ఫ్లింక్ పాత నమూనా మీదే రంగులు పూసి హడావిడిగా పూర్తిచేశాడు. ఇప్పుడు రాజభవనమైన ఆ భవనంలో నేటికీ ఉన్నది ఆ చిత్రమే.