హాలుకు కాదు, ఇంటికి

1924 అక్టోబరులో బ్రిటన్ రెండేళ్లలో మూడోసారి పార్లమెంటు ఎన్నికలకు వెళ్లింది. రామ్సే మెక్‌డొనాల్డ్ నడిపిన తొలి లేబర్ ప్రభుత్వం తొమ్మిది నెలలైనా నిండకుండానే సభలో ఓడిపోయింది. ఓటర్లు విసిగిపోయినా పార్టీలకు మాత్రం అది చావోరేవో తేల్చుకునే పోరు. బ్రిటన్‌లో ఎన్నికల రేడియో ప్రసంగం పుట్టింది ఆ పోరులోనే.

బీబీసీకి అప్పటికి రెండేళ్లు. ఇంకా ప్రైవేటు కంపెనీయే, తపాలా శాఖ లైసెన్సు మీద నడిచేది. వివాదం రేపే రాజకీయాలు ప్రసారం చేయకూడదన్నది షరతు. బీబీసీని నడిపిస్తున్న జాన్ రీత్‌కు 35 ఏళ్లు. ప్రజల తీర్పు కోరుతున్న నాయకుల మాట ప్రజల ఇళ్లకు చేరాలని ఆయన పట్టుబట్టారు. చివరికి మూడు పార్టీల నాయకులకు తలా ఒక ప్రసంగానికి అనుమతి దొరికింది.

అక్టోబరు 13న మెక్‌డొనాల్డ్ గ్లాస్గో సిటీ హాలులో మాట్లాడారు. వేలమందిని ఊపేయగల వక్త ఆయన. అలవాటు ప్రకారం వేదికపై అటూ ఇటూ తిరుగుతూ, గొంతు పెంచుతూ తగ్గిస్తూ ప్రసంగించారు. మైకు ఉన్నచోటే ఉంది. ఆయన దాని దగ్గరికి వచ్చినప్పుడు మాట చెవిలో అరిచినట్టుండేది, దూరం జరిగితే అందకుండా పోయేది. హాలులో చప్పట్లు మోగుతున్నాయి. ఇంట్లో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నవాళ్లకు సగం మాటలే దక్కాయి. లిబరల్ నాయకుడు ఆస్క్విత్ కూడా పేస్లీలో బహిరంగ సభనే ప్రసారానికి ఎంచుకున్నారు.

కన్సర్వేటివ్ నాయకుడు స్టాన్లీ బాల్డ్విన్ ముందుగా రీత్‌ను సలహా అడిగారు. 16వ తేదీన లండన్‌లో బీబీసీ ఉండే సేవోయ్ హిల్‌కే వెళ్లి, మైకు ముందు కూర్చుని, పొయ్యి పక్కన చేరిన ఒక కుటుంబంతో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా చెప్పారు. నిజానికి ఆ ముగ్గురిలో గొప్ప వక్త ఆయన కాదు. అయినా, వినేది గుంపు కాదని, విడివిడిగా ఉన్న ఇళ్లని ఆయన ఒక్కరే గ్రహించారు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ అదే. యంత్రం ముగ్గురికీ ఒకటే, దానితో మాట్లాడే తీరును కనిపెట్టింది ఒక్కరు.

పోలింగ్ 29న. నాలుగు రోజుల ముందు డెయిలీ మెయిల్ పత్రిక, సోవియట్ నాయకుడు రాసినట్టు చెప్పిన ‘జినోవియేవ్ లేఖ’ను అచ్చువేసి, లేబర్ పార్టీకి మాస్కోతో ముడిపెట్టింది. ఆ లేఖ నకిలీ అని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. కన్సర్వేటివ్‌లు 400 పైచిలుకు సీట్లు గెలిచారు. లేబర్‌కు 151 వచ్చాయి. లిబరల్స్ 40కి పడిపోయారు, ఆస్క్విత్ పేస్లీలోనే ఓడిపోయారు. ఈ గెలుపును రేడియో ఖాతాలో వేయడం న్యాయం కాదు. లేబర్‌కు ఓట్లు నిజానికి 10 లక్షలకు పైగా పెరిగాయి. కుప్పకూలింది లిబరల్ పార్టీ.

వివాదాస్పద అంశాలపై నిషేధం 1928లో తొలగింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో పార్టీలు మళ్లీ మైకు ముందుకొచ్చాయి. రేడియోలో మాట్లాడటం అందరికన్నా ముందు నేర్చిన బాల్డ్విన్ ఆ ఎన్నికల్లో అధికారం పోగొట్టుకున్నారు, మెక్‌డొనాల్డ్ తిరిగి ప్రధాని అయ్యారు.