ఎంబీబీఎస్ ఇంగ్లిష్‌లోనే.. పేషెంట్‌తో మాత్రం చెక్‌లో మాట్లాడాల్సిందే!

విదేశాల్లో మెడిసిన్ అంటే ఇంగ్లిష్ వస్తే చాలనుకుంటారు. వార్డులోకి వెళ్లాకే అసలు కథ మొదలవుతుంది. ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీ విదేశీ స్టూడెంట్లకు పాఠాలు ఇంగ్లిష్‌లో చెబుతూనే చెక్ భాష కూడా నేర్పిస్తుంది. మంచం మీదున్న పెద్దాయనకు ఇంగ్లిష్ రాకపోవచ్చు కదా! 'ఎక్కడ నొప్పిగా ఉంది' అనడానికి అక్కడ 'క్దె వాస్ తొ బోలీ?' అంటారు. ఆ 'వాస్' మన 'మీరు' లాంటి మర్యాద మాటే.

మన దగ్గరా ఇదే తంటా. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటావి. నెల్లూరు ఆస్పత్రికి బోగోలు నుంచి వచ్చిన అవ్వ 'ఆయాసంగా ఉంది నాయనా' అంటే, నిఘంటువు చూసే వేరే రాష్ట్రం కుర్రాడు అలసట అని రాసుకుంటాడు. ఆమె చెప్పేది ఊపిరాడటం లేదని. 'కళ్లు తిరుగుతున్నాయి' అంటే కంటి డాక్టర్ దగ్గరికి పంపితే ఇక అంతే. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ ఫౌండేషన్ కోర్సులో భాష, కంప్యూటర్ రెండిటికీ కలిపి ఇచ్చింది 40 గంటలు. అందులో తెలుగు ఎంత వంటబడుతుంది?

విదేశాలకు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. 2021 నవంబర్ నిబంధనల ప్రకారం 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అక్కడి కాలేజీలోనే చేయాలి. ఫీజు కట్టేముందే అక్కడి భాష క్లాసులు ఎన్ని గంటలో కన్సల్టెన్సీని అడగండి.